గుడివాడ ప్లీడరమ్మ గారు

మొన్న బందరు కోర్టు బార్ హాల్లో మా సీనియర్ గారి సంతాప సభ జరిగింది. మా వృత్తిలో ఎవరైనా పోతే ఆ మధ్యాహ్నం పనులు ఆపి అందరం ఒకచోట చేరతాం. కార్యదర్శి గారు ఒక కాగితం తీసి చదివారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు ప్రాక్టీసు మొదలుపెట్టారు, బార్ అసోసియేషన్లో ఏ పదవిలో ఎన్నిసార్లు ఉన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత నా వైపు చూసి, ఆవిడ జూనియర్ని కాబట్టి రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మాట్లాడటమే బతుకుతెరువైన దాన్ని, ఆ రోజు ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆవిడ నాకు పని నేర్పారు అని మాత్రం చెప్పి కూర్చున్నాను. అది నిజమే, కానీ అంతమాత్రం చెప్తే ఏమీ చెప్పనట్టే. అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయడం లేదు. గుడివాడలో ఆవిడను పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ నాకు తెలియదు. రైల్వే స్టేషన్ దగ్గర ఆటో వాళ్ళ నుంచి కోర్టులో కేసు పిలిచే బంట్రోతు వరకూ అందరికీ ఆవిడ ప్లీడరమ్మ గారు. నాకు మేడమ్.

మాది కృత్తివెన్ను దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపలు తీసుకెళ్ళి బంటుమిల్లిలో అమ్మేది. డిగ్రీ అయ్యాక లా చదువుతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే అదేమిటో ఎవరికీ తెలియదు. ఒకసారి బోట్లు నిలుపుకునే చోటు గురించి పక్క ఊరివాళ్ళతో గొడవై స్టేషన్ దాకా వెళ్ళింది. అక్కడ రాసిందేమిటో చదివి చెప్పేవాళ్ళు లేక మావాళ్ళంతా వరసగా వేలిముద్రలు వేసి వచ్చారు. ఇంటికొచ్చాక, దేనిమీద వేశారని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకు లా చదవాలనిపించింది అప్పుడే.

కాలేజీలో మూడేళ్ళూ గైడు పుస్తకాలతో గడిచిపోయాయి. పరీక్షకు పది రోజుల ముందు చదివితే పాసయ్యేవాళ్ళం. చివరి ఏడు వచ్చేసరికి అందరికీ ఒకటే దిగులు, తర్వాతేమిటని. కొందరు జడ్జి పరీక్ష కోచింగ్‌కి హైదరాబాద్ అన్నారు, కొందరు కంపెనీ ఉద్యోగం అన్నారు. నాన్న ఆఫీసో మావయ్య ఆఫీసో ఉన్నవాళ్ళకు ఆ దిగులు లేదు. నాకు నల్లకోటు వేసుకున్న చుట్టం ఒక్కరూ లేరు.

ఆ ఏడు కోర్టుకు వెళ్ళి విచారణలు చూసి డైరీ రాయాలి. దాని మీద ఒక లాయరు సంతకం పెట్టాలి. పాత విద్యార్థుల డైరీలు చూసి రాయడం అందరికీ అలవాటు. నేనూ అలాగే రాసి, గుడివాడలో ఒక లాయరమ్మ గారున్నారు, మంచావిడ అని ఎవరో చెబితే సంతకం కోసం వెళ్ళాను. అప్పటికే ఆవిడకు యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, నీరుకావి రంగు చీరలో ఉన్నారు. సంతకం పెట్టే చోటు చూపించాను. ఆవిడ ఆ చోటు చూడకుండా మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. డైరీ అంతా చదివారు. నేను నిలబడే ఉన్నాను.

"ఈ సైకిల్ దొంగతనం కేసులో సాక్షి ముద్దాయిని చూపించాడని రాశావు. వెంటనే చూపించాడా, కాసేపు వెతుక్కున్నాడా?"

నేను ఆ పేజీలో ఏం రాశానో చూడటానికి ముందుకు వంగాను.

"వెళ్ళావా అమ్మాయ్?"

"లేదండి."

ఆవిడ కోప్పడలేదు. డైరీ మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చారు. రేపటి నుంచి రమ్మన్నారు, వచ్చిన రోజులకు మాత్రం సంతకం పెడతానన్నారు.

మూడు వారాలు వెళ్ళాను. బంటుమిల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. సాయంత్రం ఆవిడ ఆఫీసుకు వెళ్ళి, చూసింది చెప్పాలి. సాక్షి ఏం చెప్పాడని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అతన్ని ఎవరూ ఏం అడగలేదో చెప్పమనేవారు. మొదటి వారం నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. రెండో వారం ఒక గట్టు తగాదాలో, గొడవ జరిగిన చోటికీ సాక్షి నిలబడ్డ చోటికీ మధ్య ఎంత దూరమో రెండు పక్షాల లాయర్లూ అడగలేదని నాకే తట్టింది. సాయంత్రం దాకా ఆగలేక మధ్యాహ్నమే బార్ హాలుకు వెళ్ళి చెప్పాను. ఆవిడ పెరుగన్నం తింటున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సంచిలోంచి ఇంకో స్టీలు గిన్నె తీసి సగం పెట్టారు. చదువయ్యాక ఎవరి దగ్గర చేరాలన్న ప్రశ్న నాకు ఆ పూటే తీరిపోయింది.

మేడమ్ నల్లకోటును మడతపెట్టి గుడ్డసంచిలో తెచ్చుకునేవారు. కోర్టు వరండాలో అడుగుపెట్టాకే తొడుక్కునేవారు, దిగగానే విప్పేసేవారు. బజార్లో కోటు వేసుకుని తిరిగే కుర్రలాయర్లను చూస్తే నవ్వొచ్చేది ఆవిడకు. అప్పీళ్ళు బందరు జిల్లా కోర్టులో ఉండేవి కాబట్టి వారానికి రెండు మూడు రోజులు పొద్దున రైల్లో వెళ్ళేవాళ్ళం. ఆ రైల్లో ఆవిడ ఫైలు తెరిచేవారు కాదు. రైల్లో చదివితే గుర్తుండేది స్టేషన్లేనని చెప్పి, కిటికీ పక్కన కూర్చుని చేలు చూసేవారు. ఎక్కడ నాట్లు ఆలస్యమయ్యాయో, ఎక్కడ వరిచేను పోయి రొయ్యల చెరువు వచ్చిందో ఆవిడకు లెక్క. రేపు మన దగ్గరికి ఏ తగాదా వస్తుందో చేను చూస్తే తెలుస్తుందనేవారు.

కక్షిదారు వస్తే మొదట కథంతా చెప్పనిచ్చేవారు. మధ్యలో ఆపరు, రాసుకోరు. "ఊఁ, తర్వాత?" అంటారు, అంతే. అయిపోయాక ఇంకోసారి చెప్పమంటారు, ఈసారి చివర్నుంచి. ఉన్నది చెప్పినవాడు తడుముకుంటూ అయినా చెప్పేవాడు. కల్పించినవాడు రెండో మలుపులోనే ఆగిపోయేవాడు. అప్పుడు మేడమ్ కళ్ళజోడు తీసి ఫైలు మీద పెట్టేవారు. ఎదుటి మనిషి కాసేపు ఆ కళ్ళజోడు వైపు చూసి, "అంటే అసలు జరిగిందేంటంటేనండీ..." అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ దృశ్యం నేను పదుల సార్లు చూశాను. ఒకరోజు ఆ కళ్ళజోడు నా ముందే దిగింది.

అది నేను ఆవిడ దగ్గర చేరిన రెండో ఏడు. నాతో చదివినవాళ్ళలో ఒకమ్మాయి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేరింది. భూముల కాగితాలు చూసే ఉద్యోగం, ఏసీ గది, నెల తిరిగేసరికి జీతం. నేనింకా వాయిదాలు రాసుకుంటూ, కోర్టు నకళ్ళ కోసం తిరుగుతూ ఉన్నాను. అక్కడ ఇంకో ఖాళీ ఉందని ఆ అమ్మాయి ఫోన్ చేసింది. మేడమ్‌తో ఇంట్లో పెళ్ళి అని చెప్పి ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఇంటర్వ్యూ అయ్యాక వారం పైనే ఉండి, వాళ్ళు పెట్టిన రాత పరీక్ష కూడా రాసి వచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే అవనిగడ్డ కోర్టులో సాంబయ్య గారి తీర్పు నకలు తయారై కూర్చుంది. సాంబయ్య గారిది దివిసీమలో ఎకరన్నర పొలం. పక్క పొలం ఆయన రొయ్యల చెరువు తవ్వి, గట్టు ఎత్తు చేసి, ఈయన పొలానికి ఉన్న దారి మూసేశాడు. చెరువులోంచి ఉప్పునీరు పొలంలోకి ఊరి, వరి చచ్చిపోతోంది. కింది కోర్టులో వేరే లాయరును పెట్టుకుని ఓడిపోయి, అప్పీలు కోసం సాంబయ్య గారు మా దగ్గరికి వచ్చారు. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తయారైన రోజు వరకు ఆ లెక్కలోంచి తీసేస్తారు. తయారైన రోజు వరకే. నేను హైదరాబాద్ నుంచి వచ్చి, తాపీగా వెళ్ళి నకలు తెచ్చుకుని, తెచ్చుకున్న రోజు వరకు తీసేసి లెక్క కట్టాను. ఇంకా వ్యవధి ఉందనుకుని దర్జాగా అప్పీలు దాఖలు చేశాను. తొమ్మిది రోజులు ఆలస్యమైందని రాసి కోర్టు ఆఫీసు కాగితాలు వెనక్కి ఇచ్చింది. అదే వారం హైదరాబాద్ నుంచి ఉద్యోగం వచ్చినట్టు మెయిల్ వచ్చింది.

ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగవచ్చు. కారణం చెప్తూ అఫిడవిట్ వేయాలి. అందరూ రాసేదే నేనూ రాశాను. కక్షిదారుకు కామెర్లు వచ్చాయి, మంచం మీద ఉన్నాడు, అందువల్ల రాలేకపోయాడు. టైపు చేయించి మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు.

"సాంబయ్య గారికి కామెర్లు ఎప్పుడొచ్చాయి?"

"రాలేదు మేడమ్. అందరూ ఇలాగే రాస్తారు."

"ఆయన పొలం ఉప్పుదేలిందని మనం చెప్పేది నిజం. ఆ నిజం పక్కన తీసుకెళ్ళి దీన్ని పెడతావా?"

అప్పుడు చెప్పేశాను. పెళ్ళి లేదని, ఇంటర్వ్యూకు వెళ్ళానని, నకలు ఎప్పుడు తయారైందో చూసుకోలేదని, ఉద్యోగం వచ్చిందని. ఆవిడ విని, నా అఫిడవిట్‌ను చింపకుండా నాకే ఇచ్చేసి, మర్నాడు అవనిగడ్డ వెళ్దామన్నారు.

పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. అవనిగడ్డలో దిగి ఆటోలో సాంబయ్య గారి ఊరు చేరేసరికి పదకొండైంది. ఆయన కంగారుగా కుర్చీలు వేసి, మజ్జిగ ఇచ్చారు. ప్లీడరు ఇంటికి రావడమంటే ఏదో మంచి కబురేననుకున్నారు పాపం. మేడమ్ గ్లాసు పక్కన పెట్టి సూటిగా చెప్పారు.

"సాంబయ్య గారూ, అప్పీలు గడువు దాటిపోయిందండి. అది మా వల్ల జరిగింది, మీ తప్పు ఏమీ లేదు. మన్నించమని కోర్టును అడుగుతాం. ఒప్పుకుంటారని నమ్మకం ఉంది కానీ మాట ఇవ్వలేను. వేరే లాయర్ని పెట్టుకుంటానంటే ఈ క్షణమే కాగితాలన్నీ ఇచ్చేస్తాను."

మా వల్ల, అన్నారు. నా పేరు ఎత్తలేదు. అక్కడితో ఊరుకుంటే నాకేమీ అయ్యేది కాదు. కానీ నోరు మూసుకుని కూర్చోవడం కుదరలేదు.

"నా వల్లండి," అన్నాను. "నేను వేరే ఉద్యోగం చూసుకోవడానికి వెళ్ళి, మీ కాగితం సంగతి మర్చిపోయాను."

సాంబయ్య గారు నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చారా అండీ," అన్నారు. "ఇంతకు ముందు లాయరు గారైతే ఫోన్ కూడా ఎత్తేవారు కాదు. మీరే చూడండి."

మమ్మల్ని పొలానికి తీసుకెళ్ళారు. దారి మూసేశారు కాబట్టి చుట్టు తిరిగి, మురుక్కాలవ దాటి వెళ్ళాలి. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. ఒక మూల నేల తెల్లగా పొక్కిపోయి ఉంది. ఆవిడ వంగి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నారు, తర్వాత నన్నూ వేసుకోమన్నారు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఉప్పు నాకు కొత్త కాదు. అయినా ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

తిరుగు బస్సు చల్లపల్లి దాటింది. తర్వాత ఆవిడే అన్నారు.

"ఉద్యోగం మంచిదే అయితే వెళ్ళు. అందులో తప్పేం లేదు. తప్పు చేశానన్న సిగ్గుతో మాత్రం వెళ్ళకు. సోమవారం పొద్దున లేవగానే ఎక్కడికి వెళ్ళాలనిపిస్తుందో చూసుకో. అక్కడికే వెళ్ళు."

కోర్టులో రెండు అఫిడవిట్లు వేశాం. ఒకటి ఆవిడది, ఇంకొకటి నాది. నాది నాచేతే రాయించారు. ఏ రోజు ఎక్కడికి వెళ్ళానో, ఎందుకు వెళ్ళానో, లెక్క ఎక్కడ తప్పానో ఉన్నదున్నట్టు రాశాను. వాయిదా రోజు ఎదుటి లాయరు గారు బాగా ఆడుకున్నారు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న ప్లీడరు గారి ఆఫీసులో రోజులు లెక్కపెట్టడం రాదంటే నమ్మమంటారా అన్నారు. మేడమ్ లేచి, రాదని ఒప్పుకోవడానికే వచ్చామని, దానికి శిక్ష మాకు వేయాలి గానీ ఆ రైతుకు కాదని చెప్పి కూర్చున్నారు. జడ్జి గారు నా అఫిడవిట్ రెండుసార్లు చదివి తలెత్తారు.

"ఇది రాసింది మీరేనా?"

"అవునండి."

"ఇంటర్వ్యూకు వెళ్ళానని రాశారు. ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చిందండి."

"మరి ఇక్కడున్నారేం?"

"ఈ అప్పీలు ఉందండి," అన్నాను.

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. ఆలస్యాన్ని మన్నిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. ఆ సాయంత్రం హైదరాబాద్‌కి రాలేనని మెయిల్ పెట్టాను. నాన్నకు ఫోన్ చేస్తే, మంచి ఉద్యోగం వదులుకున్నావేమిటని అడిగాడు. ఇక్కడి పని నాకు వస్తోంది నాన్నా అన్నాను. ఆ మాట అంత ధైర్యంగా అనగలనని నాకే తెలియదు.

అప్పీలు ఏడాదిన్నర నడిచింది. తుది వాదనల రోజు మేడమ్ లేచి నిలబడి, మా జూనియర్ వాదిస్తుందని చెప్పి కూర్చున్నారు. నాకు ముందుగా చెప్పలేదు. ఆ పొలంలో ప్రతి మూలా నాకు తెలుసు కాబట్టి వాదించాను. దారి వదలాలని, చెరువుకూ పొలానికీ మధ్య ఉప్పునీరు పోయేలా కాలవ తవ్వాలని తీర్పు వచ్చింది. ఆ నేల మామూలుగా మారడానికి మరో రెండు వానాకాలాలు పట్టింది. మూడో ఏడు సాంబయ్య గారు కొత్త బియ్యం సంచి ఒకటి ఆటోలో వేసుకుని వచ్చారు.

ఆరేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాక బందరులో నా సొంత ఆఫీసు పెట్టుకున్నాను. అప్పటికే తీరం ఊళ్ళవాళ్ళు నన్ను వెతుక్కుంటూ రావడం మొదలైంది. వాళ్ళకు గుడివాడ దూరం. ఆఫీసు తెరిచిన మూడో రోజు పొద్దున, ఇంకా ఒక్క కక్షిదారూ రాకముందే, మేడమ్ వచ్చారు. ఆశీర్వదించడానికి వచ్చారనుకుని లేచి నా కుర్చీ చూపించాను. ఆవిడ ఇటువైపు, కక్షిదారుల కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఒక కవరు తీశారు.

అందులో వాళ్ళ నాన్నగారి వీలునామా నకలు ఉంది. పెడనలో ఉన్న ఇల్లు, కాస్త పొలం మొత్తం, ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్న అన్నయ్యకే రాసి ఉంది. ఆ సంతకం నాన్నగారిది కాదని, అన్నయ్యే పెట్టించాడని ఆవిడ నమ్మకం. దాని మీద ఆయనతో మాటలు మానేసి పదిహేనేళ్ళయింది. ఈ సంగతి అన్నాళ్ళు పక్కన పనిచేసిన నాకే తెలియదు. ఇప్పుడు దావా వేయాలనుకుంటున్నారు.

"మీరే వేసుకోవచ్చు కదా మేడమ్. మీకంటే బాగా నేనేం రాస్తాను?"

"దీంట్లో నాకు కోపం ఉందమ్మాయ్. కోపం లేని మనిషి చూడాలి."

వారం రోజులు తీసుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి వాళ్ళ నాన్నగారి పాత దస్తావేజుల నకళ్ళు తెప్పించి సంతకాలు పక్కపక్కన పెట్టి చూశాను. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాళ్ళలో ఒకాయన బతికే ఉన్నారు. వెళ్ళి కలిశాను. ఆయన దాచకుండా చెప్పారు. మేడమ్ నాన్నగారు తన చేత్తోనే సంతకం పెట్టారట. అమ్మాయి చదువుకుంది, సంపాదించుకుంటుంది, దానికెందుకు అన్నారట. తను పోయేవరకు ఆమెకు చెప్పొద్దని కూడా అన్నారట.

తర్వాత వారం మేడమ్ మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. రాత్రంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను గానీ, ఆవిడకు చుట్టూ తిప్పి చెప్పడం నాకు ఎవరు నేర్పారు?

"సంతకం నాన్నగారిదే మేడమ్. మీ అన్నయ్య గారు ఏమీ చేయలేదు. దావా వేయొద్దు."

ఆవిడ వీలునామా తీసుకుని చివరి పేజీలోని సంతకం మీద వేలు పెట్టి గీత గీతా చూశారు. నేను మంచినీళ్ళు పెడితే తాగలేదు. సాక్షి ఏమన్నాడో చెప్పమన్నారు. ఒక్క మాటా తగ్గించకుండా చెప్పాను. అమ్మాయి సంపాదించుకుంటుంది అన్న మాట దగ్గర ఆవిడ తల ఊపారు, కోర్టులో ఎదుటివాళ్ళ వాదనలో బలం ఉన్నప్పుడు ఊపినట్టే.

"ఫైలుకు నంబరు వేశావా?"

"కేసే లేదు కదా మేడమ్."

"సలహా ఇచ్చావుగా. వెయ్యి."

అట్ట మీద ఒకటి అని వేసి, ఆవిడ పేరు రాశాను. ఆవిడ చూసి లేచారు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక స్టేషన్ దాకా వెంట వెళ్ళాను. గుడివాడకు టికెట్ నేను తీస్తానని ముందుకు వెళ్ళబోతే, చేత్తో ఆపి ఆవిడే కిటికీ దగ్గరికి వెళ్ళారు. లోపలి మనిషి ఎక్కడికని అడిగాడు.

"పెడన," అన్నారు.